అక్షర క్రమంలో అనుమానం

మధ్యాహ్నం భోజనానికల్లా పని ముగించేయాలని ఆ ఉదయం చక్రధర్ అనుకున్నాడు. కామారెడ్డిలోని పాడి రైతుల సంఘంలో కంప్యూటర్ల వ్యవహారమంతా అతనిదే. సంఘం కొత్తగా ఒక సెక్యూరిటీ ప్లాట్‌ఫాం కొన్నది. కామారెడ్డి ఆఫీసులోనూ, ఎల్లారెడ్డి పాల కేంద్రంలోనూ ఉన్న ప్రతి కంప్యూటర్ నంబరునూ, దాన్ని వాడేవారి పేరునూ ఎక్సెల్ ఫైలులో రాసి అందులోకి ఎక్కించాలి. ఆ తర్వాత ఒకరి కంప్యూటర్ మీద ఇంకొకరు తమ పేరుతో లాగిన్ అయి కూర్చుంటే ప్లాట్‌ఫామే పట్టిస్తుంది. మనుషులను నమ్మే అలవాటు లేని చక్రధర్‌కు ఇంతకన్నా ఇష్టమైన పని మరొకటి లేదు.

ఫైలు సిద్ధమైంది. చూడటానికి ముచ్చటగా ఉంటుందని పేర్ల వరుస ఒక్కదాన్నే ఎంచుకొని అక్షర క్రమంలో పెట్టాడు. పేర్లు బుద్ధిగా జరిగాయి. పక్కనున్న కంప్యూటర్ల నంబర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆ సంగతి చూసుకోకుండానే ఫైలు ఎక్కించి, టీ తాగడానికి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి తెర నిండా ఎర్ర గుర్తులు. ఎల్లారెడ్డి కేంద్రం ఇన్‌చార్జి సిద్ధిరాములు కంప్యూటర్ మీద గుమాస్తా హారిక పనిచేస్తోందట. సిద్ధిరాములేమో ఏకంగా జనరల్ మేనేజర్ విమలమ్మ కంప్యూటరే వాడుతున్నాడట. మొత్తం సంఘంలో ఒక్క నిరోష పేరు దగ్గరే ఆకుపచ్చ గుర్తు ఉంది. ఆ అమ్మాయి ఎల్లారెడ్డిలో పాల వెన్న శాతం చూస్తుంది.

చక్రధర్ వెంటనే ఎల్లారెడ్డికి ఫోన్ చేశాడు.

"సిద్ధిరాములన్నా, ఎవరి కంప్యూటర్ ముందట కూసున్నవ్?"

"ఎవరిదేంది? నాదే."

"మంచిగ చూసి చెప్పు."

"కొన్నప్పటి సంది దీని ముందటనే కూసుంటున్న. కొత్తగ ఏం చూడాలె?"

గొంతులో తడబాటు లేదు. ఆరితేరిన మనిషేనని చక్రధర్ తేల్చుకున్నాడు.

అటు సిద్ధిరాములు ఫోన్ పెట్టేసేలోపే అతని తెర మీద 'ఈ కంప్యూటర్ మీది కాదు' అని ఎర్ర అక్షరాలు మెరిశాయి. అవే అక్షరాలు తన తెర మీద చూసిన హారిక పరుగున వచ్చింది.

"అన్నా, నన్ను తీసేస్తున్నరా? ముందుగాల ఒక మాట చెప్తే ఏం పోతుండె?"

"నిన్ను కాదమ్మా, నన్నే తీసేస్తున్నరు. నీకంటే ముందుగాల నాకే ఫోనొచ్చింది."

కంప్యూటర్లు చేతిలో ఉంటే ఉద్యోగాలు ఉంటాయని ఇద్దరికీ తోచింది. వైర్లు పీకి, రెండింటినీ మోసుకెళ్లి, స్టోర్‌రూంలో పాల క్యాన్ల వెనక పెట్టి తాళం వేశారు. ఆ క్షణమే కామారెడ్డిలో చక్రధర్ తెర మీద నుంచి అవి మాయమయ్యాయి.

అతను విమలమ్మ గదిలోకి దూసుకెళ్లాడు.

"మేడం, ఎల్లారెడ్డిల కంప్యూటర్లు మాయమైతున్నయి! మీది గూడ ఆడనే ఉన్నది."

"నాది నా ముందటనే ఉన్నది గద!"

"అది మీది కాదు మేడం."

విమలమ్మ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "మరెవలిది?"

చక్రధర్ ఫోన్‌లో చూశాడు. "నాది అని సూపెడ్తున్నది."

"నీ కంప్యూటర్ నా టేబుల్ మీదికి ఎట్లొచ్చింది? నా ఫైళ్లు గిట్ల సూస్తున్నవా ఏంది?"

ఇద్దరూ జీపులో ఎల్లారెడ్డి బయలుదేరారు. ఆమె ముందు సీట్లో, అతను వెనక సీట్లో. దారి పొడవునా ఆమె అద్దంలోంచి అతన్నే గమనిస్తూ కూర్చుంది.

సిద్ధిరాములు స్టోర్‌రూం గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. తాళంచెవి పిడికిట్లో ఉంది.

"తాళం తియ్యి," అంది విమలమ్మ.

"నౌకరీలు తీస్తలేమని చెప్పుండ్రి, తీస్త."

"ఎవలు తీస్తమన్నరు?"

"కంప్యూటర్ మాది కాదన్నరు. రేపు కుర్చీ గూడ మాది కాదంటరు," అంది హారిక కళ్లు తుడుచుకుంటూ.

చక్రధర్‌కు ఒళ్లు మండింది. "ఆ నిరోషను చూసి నేర్చుకోండ్రి! పొద్దటి సంది ఆమె కంప్యూటర్ మీద ఆమెనే పని చేసుకుంటున్నది."

"నిరోషనా? ఆమె సెలవుల ఉన్నది గద. బీర్కూర్‌ల వాళ్లక్క పెండ్లి," అంది హారిక.

విమలమ్మ చక్రధర్ వెంట తెచ్చిన లాప్‌టాప్ లాక్కొని ఫైలు తెరిచింది. పేర్ల మీద వేలితో పైనుంచి కిందికి వచ్చింది.

"చక్రధర్, మన సంఘంల మంది అక్షరాల వరసల కూసుంటరా?"

అప్పుడు వెలిగింది అతనికి. చెవులు ఎర్రబడ్డాయి. పాత ఫైలు వెతికి మళ్లీ ఎక్కించాడు. సిద్ధిరాములు, హారిక తమ కంప్యూటర్లను మోసుకొచ్చి వైర్లు తగిలించారు. ఒక్కొక్క గుర్తూ ఆకుపచ్చగా మారింది. హారిక నవ్వింది. సిద్ధిరాములు టీ చెప్పాడు.

ఒక్క గుర్తు మాత్రం ఎర్రగా మారింది. అది మరమ్మతులో ఉందని చక్రధర్ ఎప్పుడో రాసి పెట్టిన లాప్‌టాప్. పేర్లు తారుమారైనప్పుడు పాల కేంద్రం నిరోష పేరు దానికే అంటుకుంది. ఇప్పుడు దాని పక్కకు మళ్లీ చక్రధర్ పేరు వచ్చింది. వాడుతున్నది మాత్రం ఇంకా నిరోషే.

"మన నిరోష పెండ్లిల ఉన్నది," అంది విమలమ్మ మెల్లగా. "ఈ నిరోష ఎవలు?"

అంతలో చక్రధర్ ఫోన్ మోగింది. ఎత్తడం ఆలస్యం, అతని భార్య నిరోష గొంతు గదంతా వినిపించింది.

"ఇగో, ఇంటున్నరా? లాప్‌టాప్ నాది కాదని ఎర్రగ రాసి సూపెడ్తున్నది! జాకెట్ డిజైన్ సగంల ఆగింది. ఎవడో దొంగ సొచ్చిండు, జల్ది పట్టుండ్రి!"

సిద్ధిరాములు తన తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. "దొంగ దొరికిండమ్మా," అన్నాడు ఫోన్ వైపు వంగి, "మా దగ్గర్నే ఉన్నడు."

ప్లాట్‌ఫాం బాగా పనిచేస్తోందని రిపోర్టు రాసి, అది పట్టుకున్న వాటిలో ఒక ఉదాహరణ జతచేయమని విమలమ్మ ఆ సాయంత్రమే చక్రధర్‌కు చెప్పింది. అతను అంతా వివరంగా రాశాడు, పేరు ఉండాల్సిన చోట మాత్రం 'ఒక ఉద్యోగి' అని పెట్టాడు.