వియ్యంకులు వైను కొన్న వైనము

శ్రీమన్మహోన్నత హిమకిరీట కాకసస పర్వతశ్రేణీ పరిరక్షితమై, మట్క్వరీ తరంగిణీ వలయిత కటీతటమై, తెల్లవారుజామున కాలిన రొట్టెల కమ్మదనముచేత సకల జన నాసికానందకరమైన త్బిలిసి మహానగరమున, మే మాసపు రెండవ బుధవారమునాడు, సూర్యభగవానుడు ఇంకను ఒక కన్ను మాత్రమే తెరచియున్న వేళ, ఒకానొక తెల్లని వ్యాను వెనుక తలుపు తెరచుకొనెను. అందులోనికి ఇరువదేసి లీటర్ల ఖాళీ క్యానులు పదునైదు, రణభేరులవలె ఢమఢమ మ్రోగుచు ప్రవేశించెను.

వానిని ఎక్కించుచున్న వీరుడెవ్వడనగా, దంతవైద్య శిఖామణి, పుచ్చుపంటి పాలిటి పరశురాముడు, కఖేతి సీమ ద్రాక్షతోటలలో పుట్టి ఆ ద్రాక్షలంత నల్లని మీసము పెంచిన అంజోరు. శనివారమునాడు వివాహమాడనున్న ఖాతునా అతని ఏకైక పుత్రిక. చేతులు కట్టుకొని ఆ వైభవమును చూచుచున్న మరియొక వీరుడు ఇమెరేతి సీమలో ముప్పదియేండ్లు స్టేషను మాస్టరుగా పచ్చజెండా ఊపి విశ్రాంతినొందిన, అద్దమువంటి బట్టతల గల వర్లాము. వరుడు లాషాకు కన్నతండ్రి.

ఈ ఇరువురికి వైరమేల పుట్టెననగా, కఖేతివారు ద్రాక్షరసమును తొక్కలతో గింజలతో ఆరునెలలు మట్టిబానలో ఊరవేసి, తేనెరంగు దిరిగి వగరెక్కిన పిదపగాని ముట్టరు. ఇమెరేతివారు తొక్కలు పిడికెడు మాత్రమే వేసి లేతగా, తేలికగా తీయుదురు. ఆ పిడికెడు తొక్కల కొరకై నిశ్చితార్థపు విందున వియ్యంకులిద్దరును లేచి నిలిచి, బల్ల గుద్ది, రెండు పళ్ళెములు పగులగొట్టి, అది మొదలు ఒకరి ముఖమొకరు చూచుకొనుట మానిరి. అంతట వధువు ఖాతునా ఇద్దరిని ఎదుట కూర్చుండబెట్టి తీర్పు చెప్పెను.

"నాన్నా, మామయ్యగారూ, ఇద్దరూ వినండి. కలిసెళ్ళండి, కలిసి రుచి చూడండి. మీరిద్దరూ ఔనన్న వైనే పెళ్ళిలో పోస్తాం. బుధవారం సాయంత్రం అయిదింటికి తేలకపోతే హాలువాళ్ళకి లెమనేడ్ చెప్పేస్తా. నూటయాభై మందికీ లెమనేడే!"

లెమనేడు! ఆ మాట చెవిని సోకినంతనే పెళ్ళివిందుకు అధ్యక్షత వహింపనున్న పెద్దమనిషి, "ఆ పచ్చ లెమనేడ్ సోడా గ్లాసెత్తి పెళ్ళివారికి దీవెనలు చెప్పమంటారా? నేను రాను, వేరేవాణ్ణి చూసుకోండి" అని టెలిఫోను పెట్టివేసెను. రెండు వంశముల పరువు ఆ ఒక్క పచ్చసోడా అంచున వ్రేలాడుచుండెను.

ఇక సారథి ఎవ్వరనిన, మూడువందలమంది శిష్యులకు డ్రైవింగు నేర్పిన ఘనాపాఠి, అంజోరు ధర్మపత్ని లమారా. స్టీరింగు పట్టుకొనవలసియున్నది గనుక ఆమె ఆనాడు చుక్కయు ముట్టదు. కావున ఆమె సహనము ప్రయాణారంభముననే సగమునకు తగ్గియుండెను.

గోంబోరి కనుమ మలుపులలో వ్యాను మూలుగుచు ఎక్కుచుండగా, వెనుకసీటునుండి వర్లాము గొంతు సవరించుకొనెను.

"చెల్లెమ్మా, మీ ఆయనతో ఒకమాట చెప్పు. ఇవాళ నా నోట 'బాగుంది' అన్నమాట ముందుగా వినాలనుకుంటున్నాడేమో, ఆ ఆశ వదులుకోమను."

"లమారా, మీ అన్నయ్యగారితో చెప్పు. ఆ మాట నేను ముందన్నానంటే నా మీసం తీసేస్తానని!"

"ఇద్దరూ నోరు మూసుకోండి," అనెను లమారా గేరు మార్చుచు. "లారీ వస్తోంది."

ప్రథమ సంగ్రామము అంజోరు బాల్యమిత్రుని నేలమాళిగలో జరిగెను. మెడదాక భూమిలో పాతిన బాన మూత తెరచి, సొరబుర్ర గరిటెతో ముంచి పోసిన ఆ తేనెరంగు ద్రవమును అంజోరు పుక్కిలించి, కన్నులు మూసి, గర్వాతిరేకమున మీసము మెలివేసెను. వర్లాము ఒక గుక్క మ్రింగి నాలుక బయటపెట్టి చూపెను.

"బావగారూ, ఇది వైనా, నిన్నటి టీ డికాషనా? నాలుక చెప్పు అట్టలా అయిపోయింది! పళ్ళ డాక్టరు కదా, చూసి చెప్పండి, పళ్ళున్నాయా ఊడాయా?"

ద్వితీయ సంగ్రామము ఉక్కుపీపాలు మెరయుచున్న సరికొత్త కర్మాగారమున. అచ్చటి పాండురవర్ణ పానీయమును వర్లాము రెండుమార్లు పోయించుకొని, ఆహా అనబోయి, ప్రతిజ్ఞ జ్ఞప్తికి రాగా దగ్గి సర్దుకొనెను. అంజోరు గ్లాసును వెలుతురులోనికెత్తి పరిశీలించెను.

"ద్రాక్షకి తెలీకుండా తీసినట్టున్నారు బావగారూ. పసిపిల్లలకి కడుపునొప్పి వస్తే పట్టే గ్రైప్‌వాటరు ఇంతకన్నా ఘాటుగా ఉంటుంది."

ఇట్లు మూడవది, నాలుగవది, ఐదవది. ఒకరికి తీపి, ఒకరికి పులుపు. ఒకరికి లేత, ఒకరికి ముదురు. అపరాహ్ణము మూడు గంటలు దాటునప్పటికి యోధులిద్దరి నాసికలును సంధ్యారుణ కాంతులీనుచుండెను. క్యానులు మాత్రము పదునైదును బోసిగానే యుండెను. ఖాతునా నుండి ఫోను వచ్చెను.

"అమ్మా, దొరికిందా?"

"ఇంకా లేదే. మీ నాన్న మీసమూ, మీ మామగారి పంతమూ రెండూ బాగానే ఉన్నాయి. నాకే ఆకలేస్తోంది."

ఆకలి అనునది మహాసారథులను గూడ దారి మళ్ళించును. అలజాని లోయలో ఒక మట్టిబాట చివర, ద్రాక్షపందిరి క్రింద, గోడకు ఎండుమిరపకాయల దండ వ్రేలాడుచున్న ఇంటిముందు లమారా వ్యాను నాపి, "ఏమండీ, నేనిక్కడ తింటాను. మీరు ఎక్కడికైనా పోండి," అని దిగిపోయెను. వియ్యంకులిద్దరును వెంట దిగిరి.

ఆ ఇంటి యజమానురాలు నజీబ్రోలా అను డెబ్బదియేండ్ల విధవరాలు. ఆమె ఏమియు అడుగకయే రొట్టె విరిచి, జున్ను కోసి, పచ్చి ఉల్లికాడలు, వాల్నట్లు బల్లపై పరచి, ఆచారము ప్రకారము ఒక మట్టికూజా తెచ్చి మగవారి గ్లాసులు నింపెను. అది అమ్మకమునకు పెట్టిన సరుకు గాదు, అతిథికి పోయునది.

అంజోరు పరధ్యానముగా ఒక గుక్క త్రాగెను.

త్రాగి, నమలుట మానెను.

ఏమని చెప్పుదును! పండిన నేరేడువలె వగరు, ఆ వగరు వెంటనే తేనె, తేనె వెనుక ఎండబడ్డ గడ్డివాసన. బరువనుకొన్నచో గాలివలె తేలుచున్నది, తేలికనుకొన్నచో గుండెలో నిలుచుచున్నది. చిన్ననాట తాతగారి పందిరి క్రింద దొంగతనముగా గరిటె నాకిన సాయంత్రము అతని కన్నులయెదుట నిలిచెను. పెళ్ళిలో తన బిడ్డ చేతికి ఈ గ్లాసే అందవలెనని అతని హృదయము ఘోషించెను. "బాగుంది" అను మూడక్షరములు కంఠద్వారమువరకు దండెత్తి వచ్చెను. అతడు పండ్లు బిగించి ద్వారము మూసెను.

ఓరకంట చూడగా ఎదుట వర్లాము సైతము కదలక కూర్చుండియుండెను. ఆ మహనీయుని బట్టతలపై చెమట బిందువులు మొలచుచుండెను, కనుకొలకులు తడియారకుండెను. ముప్పదియేండ్లలో ఏ రైలునకును ఇంతటి ఉద్వేగముతో ఆతడు ఎదురుచూచి యుండడు. అయినను పెదవి విప్పడయ్యెను.

అప్పుడు ప్రారంభమయ్యెను ఘోర మౌనయుద్ధము! ఇరువురును తదేకదృష్టితో ఒకరినొకరు చూచుకొనుచు, గ్లాసు ఎత్తుచు, దించుచు, మరల ఎత్తుచు, వాల్నట్లు పటపట కొరుకుచుండిరి. పందిరిపై తేనెటీగలు మాత్రము ఝుంకరించుచుండెను. పావుగంట గడచెను. లమారా రెండవ రొట్టె ముగించెను. గడియారము నాలుగున్నర కొట్టెను.

నజీబ్రోలా మొదట వారిని చూచెను. పిదప కూజాను చూచెను. పిదప నడుమున చేతులు పెట్టుకొనెను.

"ఏం నాయనా, నచ్చలేదా? మా ఆయన పోయాక నేనొక్కదాన్నే తొక్కి పెట్టిన వైను. ఊళ్ళో ఒక్కడైనా గుక్కతాగి మూతి ముడుచుకోలేదు. మీకేమో శవం దగ్గర కూచున్నట్టుంది. సర్లే, బలవంతం లేదు."

అని కూజాను చంకనబెట్టుకొని, పెరటిలో తెరచియున్న బాన దగ్గరకు పోయి, రాతిమూత వేసి, అంచులకు తడిమట్టి మెత్తుటకై వంగెను. ఒక ముద్ద మెత్తెను. రెండవ ముద్ద చేతిలోకి తీసికొనెను.

"ఆగు పిన్నీ!"

"ఆగండమ్మా!"

రెండు సింహనాదములు ఒక్కమారుగా లోయను దద్దరిల్లజేసెను. కోళ్ళు చెదరిపోయెను. ఎనుబది కిలోల అంజోరు, తొంబది కిలోల వర్లాము, బల్లను దాటి, బురదలో మోకరిల్లి, చెరియొకవైపు రాతిమూతను పట్టుకొనిరి.

"అమ్మా, మూడొందల లీటర్లు కావాలి. మా అమ్మాయి పెళ్ళి," అనెను అంజోరు.

"మా కోడలి పెళ్ళి," అనెను వర్లాము. "అంటే మా అబ్బాయిది కూడా. బాగుందమ్మా. చాలా బాగుంది."

"ఆహా! అన్నారు! బావగారు ముందన్నారు!"

"అది లెక్కలోకి రాదు. ముందు 'ఆగు' అని అరిచింది మీరు!"

"నేనా? మీరు!"

నజీబ్రోలా చేతిలోని మట్టిముద్దను పారవేసి, నేలపై కూలబడి, తలగుడ్డ అంచుతో కన్నులు తుడుచుకొనుచు పకపక నవ్వెను. పిదప న్యాయాధిపతివలె గంభీరముగా తీర్పు చెప్పెను.

"ఉన్నమాట చెబుతా. మీసాలాయన నోట్లో 'ఆ' ఇంకా సగం ఉండగానే బట్టతలాయన 'గు' దాకా వచ్చేశాడు. వైను ఇస్తాను. కానీ పెళ్ళికి నన్నూ పిలవాలి. మంచి కుర్చీ వెయ్యాలి, ఎవరి పక్కనైనా సరే."

"నా పక్కనే పిన్నీ!" అనెను ఓడిన వర్లాము.

ఐదునకు పది నిమిషములుండగా లమారా కుమార్తెకు ఫోను చేసి, "ఒప్పుకున్నారే. ఇద్దరూ. లేదు, నేను తాగలేదు, నిజంగానే," అని చెప్పెను.

అటుపిమ్మట బాన తెరచి, గరిటెతో ముంచి, పదునైదు క్యానులు నింపిరి. ఒక్కొక్కరు ఏడేసి మోసిరి. పదునైదవది ఓడినవాడు మోయవలెనని అంజోరు శాసించెను. వర్లాము వంగి, ఎత్తి, "అబ్బా, నడుం" అని సగములో నిలిచిపోయెను.

"కుదిపేస్తున్నారు బావగారూ, వైను కలకబారుతుంది," అని విసుగుకొనుచు అంజోరు పోయి, తానును అడుగున చేయి వేసెను.

ఇట్లు అలజాని మహాలోయ సాక్షిగా, ద్రాక్షపందిరి సాక్షిగా, చెదరిన కోళ్ళు సాక్షిగా, దంతవైద్య శిఖామణి అంజోరు తన వియ్యంకుని సరిగా అర అక్షరము తేడాతో ఓడించి, జగద్విజేతవలె మీసము సవరించుకొనవలెనని చేయి ఎత్తబోయి, చేయి ఖాళీ లేకపోవుటచే మానుకొనెను.