పచ్చజెండాకి లేచిన జిలేబీ

శాంతాదేవికి శాంతం పేరులోనే ఉంది. మిగతాదంతా ఆర్డరే.

"ఒక్క పొద్దు కసరత్తు ఎగ్గొట్టినారంటే ఇంట్లో అన్నం బంద్. రెండు పూటలా రొట్టే. డాక్టరేటి చెప్పినాడో మర్చిపోనారా?"

షుగరు బయటపడ్డప్పటి నుంచీ సింహాచలానికి ఇదే గోల. బిలాస్‌పూర్‌లో రైలు డ్రైవరుగా రిటైరైన మనిషి. రొట్టె ఆయన లెక్కలో తిండి కాదు, పనిష్మెంటు. అందుకే రోజూ బూట్లు తొడుక్కుని, రైల్వే కాలనీ మైదానంలో పెద్దవాళ్ల కసరత్తు బృందానికి భార్యతోపాటు బుద్ధిగా బయల్దేరేవాడు. వెనక వరసలో నిలబడేవాడు. చేతులెత్తండి అనగానే అందరూ చేతులెత్తేవారు, ఈయన కాళ్లకు పని చెప్పేవాడు. గోడ సందు దాటితే రాంప్రసాద్ జిలేబీ కొట్టు. తిరిగొచ్చేముందు చొక్కా మీద కాసిని కుళాయి నీళ్లు చల్లుకుంటే చాలు, చెమటే చెమట!

ఆ రోజు తొలి జిలేబీ నోటిదాకా వెళ్లిందో లేదో, సందులో శాంతాదేవి చీర కనిపించింది. జిలేబీతో సహా మైదా బస్తాల వెనక్కి దూరాడు.

"రాంప్రసాద్, సాబ్ ఆయే క్యా?" అని మొగుడి గురించి ఆరా తీసింది.

"నహీ తో, మాతాజీ." రాలేదన్నట్టు రాంప్రసాద్ తల అడ్డంగా ఊపాడు.

"అచ్ఛా."

ఆ అచ్ఛా తర్వాత చప్పుడు లేదు. అడుగులు వెనక్కీ వెళ్లలేదు. పాకం మోచేతిదాకా కారుతోంది. నాకితే చప్పుడు, నాక్కపోతే చీమలు. మోకాలు పట్టేసింది. చేపల పులుసు కలిపిన అన్నం ముద్ద కళ్లముందు కదిలింది. దేవుడా, దీన్ని ఇంటికి పంపీ అని మొక్కుకున్నాడు పాపం.

అప్పుడు వినిపించింది, పొడుగ్గా, గార్డు విజిలు.

గార్డు విజిలేసి పచ్చజెండా ఊపితే డ్రైవరు చెయ్యెత్తి బదులివ్వాలి. సర్వీసంతా చేసిన పని. ఇప్పటికీ నిద్రలో చేస్తాడు, పక్కన శాంతాదేవి ఉలిక్కిపడి లేస్తుంది. బస్తాల వెనక నుంచి చెయ్యి దానంతటదే లేచింది, జిలేబీతో సహా.

"ఆల్‌రైట్!"

చూస్తే, శాంతాదేవి నోట్లో విజిలు, చేతిలో పచ్చజెండా. రెండూ బృందాన్ని నడిపించే రిటైర్డు గార్డు రమణమూర్తివి.

"నాను... దాహమేస్తేనీ..."

"దాహానికి జిలేబీ తాగుతన్నారా?" అని కసిరింది. అంతలోనే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీకేటైనా అయితే నానెవరితో దెబ్బలాడాలి?"

సింహాచలానికి నిజంగానే సిగ్గేసింది. జిలేబీ పళ్లెంలో పెట్టేశాడు.

"రేపట్నుంచి ముందు వరసలో మీరే. రమణమూర్తి అన్నయ్యతో చెప్పీసినాను. ఆయన గార్డు, మీరు డ్రైవరు. మీరు కదిల్తేనే అందరూ కదుల్తారు. డ్యూటీ!"

డ్యూటీ అనగానే నిటారుగా నిలబడ్డాడు. జన్మలో ఒక్క డ్యూటీ ఎగ్గొట్టినవాడు కాదు.

"మరి... అన్నం?" అంటూ మెల్లిగా ఒక అడుగు ముందుకేశాడు.

శాంతాదేవి పచ్చజెండా చుట్టి, సంచీలోంచి ఎర్రది తీసింది.

సింహాచలం ఉన్నచోటే ఆగిపోయాడు.