రత్నకుమార్ కొన్న గరగర

ఆ శనివారం పొద్దున రత్నకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళాలి, ఒంటిగంటకు ఇల్లు చేరాలి, తలుపులు బిగించుకొని ఎవరి చెవినా పడకుండా ఒక గంట మెటల్ వాయించుకోవాలి.

మెటల్ అంటే గిన్నెలూ బిందెలూ కావు. విశాఖపట్నం పోర్టులో పనిచేసే బావమరిది, ఎవరో ఓడ కళాసీ దగ్గర సంపాదించి పంపిన క్యాసెట్టులోని సంగీతం. అందులో గిటారు గిటారులా పలకదు, రంపపు మిల్లులా అరుస్తుంది. కాగితం మిల్లులో టైపిస్టూ, రాయగడ తెలుగు క్రైస్తవ సంఘం పాటల బృందంలో గిటారిస్టూ అయిన రత్నకుమార్‌ను ఆ రంపం అడ్డంగా కోసేసింది. 1986లో రాయగడలో ఈ జబ్బు పట్టిన మొదటి మనిషి ఆయనే. రాగం ముదిరితే రోగమే మరి!

చిక్కల్లా పాస్టరు జీవరాజుగారితో. క్యాసెట్టు సంగతి పక్కింటి మార్తమ్మ ఆయన చెవిన వేసింది. కిందటి ఆదివారం ప్రసంగం మధ్యలో ఆయన ఆగి, "దెయ్యాల కేకలు వాయించే చేతులు దేవుడి పాటకు పనికిరావు" అన్నారు. అంటూ చూసింది గిటారు వైపే. బృందంలో ఆ గిటారు కుర్చీ పన్నెండేళ్ళుగా రత్నకుమార్‌ది. అది పోతే ఇక మిగిలేది టైపు మిషను ముందున్న కుర్చీ ఒక్కటే. కాబట్టి ఆయనకు కావలసిన ఆంప్లిఫయరు గది దాటకుండా గర్జించేది. పులే గానీ పిల్లంత.

ఊరికంతటికీ అలాంటివి దొరికే చోటు ఒక్కటే, సన్యాసయ్య మైకుసెట్ల కొట్టు. గురువారం సాయంత్రం రత్నకుమార్ గిటారు పట్టుకెళ్ళి ఒక్కో సెట్టుకూ తగిలించి చూశాడు. మొదటిది తేనెలా పలికింది. రెండోది పాలలా పలికింది. రెండింటికీ ఆయన మొహం కషాయం తాగినట్టు పెట్టాడు. మూలన గోనెసంచి కింద పాత వాల్వుల సెట్టొకటి ఉంది. దాని మోత పెంచే గెయిన్ మర సగం దాటించగానే, వంద రేకులు ఒక్కసారి చించినట్టు మోత! మైకు చూసి మైకం కమ్మడమంటే అదే.

"ఇదే! ఇదే కావాలి!"

"ఓలమ్మో, అది పాడైపోనాదండి బావూ. రెండ్రోజులు టైమియ్యండి, గరగర తీసేసి పాలునాగ సేసిత్తాను."

"తియ్యకు సన్యాసయ్యా! ఆ గరగర కోసమే కొంటున్నాను."

ముప్పై ఏళ్ళ వృత్తిలో సన్యాసయ్యకు ఇంత అవమానం జరగలేదు. "నా కొట్లోంచి గరగర సెట్టు బయటికెల్తే రేపు నాకు పెళ్ళి మైకెవుడిత్తాడండి?"

"నీ పేరు ఎవరికీ చెప్పనులే. దీనికో స్పీకరు కూడా చూడు."

"అది నాకొదిలీయండి. శనివారం నానే వొచ్చి బిగించీసి ఎల్తాను."

సన్యాసయ్య చేతికి ఒకటే పద్ధతి అలవాటు. సెట్టు ఇంట్లో, హారను ఇంటి కప్పు మీద, దాని నోరు బజారు వైపు.

శనివారం పదింటికి, ఆఫీసులో రత్నకుమార్ టైపు కొడుతుండగా, ఇంటి దగ్గర సన్యాసయ్య ముందు గదిలో సెట్టు పెట్టి, నిచ్చెన వేసి పద్ధతి ప్రకారం హారను బిగించి, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని బజారుకు చెప్పి వెళ్ళిపోయాడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న నర్సు పుష్పకుమారి, అంటే రత్నకుమార్ భార్య, మంచం మీద జానెడు ఎగిరిపడింది.

ఇంటి మీద హారను లేచిందంటే ఆ వీధిలో శుభకార్యమే. క్రైస్తవుల ఇంటి మీద, అందులోనూ పెళ్ళీడు పిల్లలు లేని ఇంటి మీద లేచిందంటే కృతజ్ఞత కూడికే. దేవుడు చేసిన మేలుకు నలుగురినీ పిలిచి పాట, ప్రార్థన, ఆ మేలేమిటో చెప్పే సాక్ష్యం, చివర టీ.

మార్తమ్మ వచ్చేసింది. "ఏటమ్మీ, కూడిక పెట్టుకొని పక్కింటోళ్ళకి సెప్పవేటి? మేమొచ్చి మీ టీ తాగేత్తామనా?"

పుష్పకుమారికి ఏమీ తెలియదు. కానీ మొగుడు పెట్టిన కూడిక పెళ్ళానికి తెలియదని మార్తమ్మకు తెలిస్తే ఇంకేమైనా ఉందా! "ఇప్పుడే మీకు కబురంపుదామనుకుంటన్నాను పిన్నీ" అంది.

"దేనికే కూడిక?"

"ఆయనొచ్చి సెప్తారు."

మార్తమ్మ నోటికి హారను అక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా మిల్లులో ప్రమోషనని కొందరు, పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుష్ప నీళ్ళోసుకుందని కొందరు చాపలూ అరటిపళ్ళూ పట్టుకొని దిగారు. పుష్పకుమారి అన్నం గుండిగలో టీ పెట్టింది.

ఒంటిగంటకు సందు తిరిగిన రత్నకుమార్‌కు గుమ్మం ముందు ముప్పై జతల చెప్పులు కనిపించాయి. ఎవరు పోయారోనని గబగబా నడిచాడు. తలెత్తితే కప్పు మీద హారను. ఇక పోవలసింది తనేనని అర్థమైంది.

పుష్పకుమారి వంటింటి గుమ్మంలో పట్టుకుంది. "కూడిక దేనికండీ?"

"ఏం కూడిక?"

"నన్నడుగుతారేటి? మీ కూడికే!"

ఈలోగా కబురంది వచ్చి కూర్చున్న పాస్టరుగారు పిలిచారు. "రండి రత్నకుమార్ గారూ. ముందొక స్తుతిపాట వాయించండి. తరువాత సాక్ష్యం చెబుదురుగాని."

రత్నకుమార్ గిటారు తగిలించాడు. గెయిన్ మర తగ్గించి చూశాడు. సగం దాటకపోతే ఆ సెట్టు మూగ. దాటితే మృగం. ప్రార్థన చేసుకొని దాటించి, తీగల మీద చెయ్యి వేశాడు.

కప్పు మీద నుంచి కాకులు లేచాయి. గుండిగ మీద మూత గణగణలాడింది. టీ గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. మోత ఆగాక పాస్టరుగారు కళ్ళు మూసుకొని ఉన్నారు. రత్నకుమార్‌కు తన కుర్చీ ఖాళీగా కనిపించింది.

అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న సంఘ పెద్ద ఎలీయాజరు తాత కర్ర వదిలేసి లేచాడు. పదేళ్ళుగా ఆయనకు చెవులు వినపడవు. "ఇనబడిందిరా! గిటారు ఇనబడింది!" అని బావురుమన్నాడు.

పాస్టరుగారు కళ్ళు తెరిచారు. అవీ తడిగానే ఉన్నాయి. "బైబిల్లో యెరికో పట్నం గోడలు కూల్చిన బూరలు ఇలాగే మోగి ఉంటాయి" అన్నారు. "ఇంతకీ ఏం మేలు జరిగిందని ఈ కూడిక?"

రత్నకుమార్ తల వంచి గిటారు తీగలు బిగించసాగాడు.

"ఇంకా అడుగుతారేటి పాస్టరుగారూ!" అంది మార్తమ్మ. "ఆ సెట్టు గుడికిచ్చేత్తన్నాడు. మొగమాటానికి సెప్పలేకపోతన్నాడు!"

"హల్లెలూయ!" అంది ఇల్లంతా. అందరికంటే గట్టిగా అన్నది, పొద్దుటి నుంచి కునుకు లేని పుష్పకుమారి.

గెయిన్ మర తిప్పింది ఆయన, గెయిన్ మాత్రం సంఘానిది. సాయంత్రమే సన్యాసయ్య బండి తెచ్చి గుళ్ళో బిగించడానికి సెట్టూ హారనూ పట్టుకెళ్ళాడు. కుర్చీ దక్కింది కదా, ఇకపై ఆ రంపం ప్రతి ఆదివారం పాస్టరుగారి ఆశీర్వాదంతోనే మోగుతుంది కదా అని సంతోషంతో రత్నకుమార్‌కు రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడు గుళ్ళో గెయిన్ మర చివరిదాకా తిప్పి తీగ మీటాడు. గిటారు పాలలా పలికింది.

దేవుడికిచ్చే సామాను కదా అని సన్యాసయ్య రాత్రికి రాత్రే కూర్చొని గరగరంతా తీసేశాడు.