పాలేరు వేషానికి మనిషి కావలెను

ఆ శనివారం పొద్దున ప్రేమ్‌కుమార్ అద్దం ముందు నిలబడి మూడుసార్లు నవ్వి చూసుకున్నాడు. మొదటి నవ్వు మరీ వినయంగా వచ్చింది. రెండోది అప్పుడే ప్రిన్సిపాల్ అయిపోయినవాడి నవ్వులా ఉంది. మూడోది కుదిరింది. సాయంత్రం ఆరింటికి స్కూలు వార్షికోత్సవం. విశాఖపట్నం నుంచి డైరెక్టరు గజాలా మేడమ్ వస్తున్నారు. మూడు నెలలుగా ఖాళీగా ఉన్న ప్రిన్సిపాల్ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టేదీ సభ ముగిసేలోపు తేల్చేస్తానని ఆవిడ ఫోన్‌లో చెప్పారు. మొత్తం చోడవరంలో ఆ కుర్చీకి తనను మించిన మనిషి లేడని వైస్ ప్రిన్సిపాల్ ప్రేమ్‌కుమార్ నమ్మకం. ఆ నమ్మకం అతనికి తప్ప ఇంకెవరికైనా ఉందా అని అతను ఎవరినీ అడగలేదు.

అతను పుట్టింది చీడికాడ అవతల ఒక పల్లెలో. ఆ సంగతి అతని ఆధార్ కార్డుకి తెలుసు, నోటికి తెలియదు. కాలేజీ హాస్టల్లో ఎవరో తన మాట విని నవ్వారని ఆ రోజు నుంచి టీవీలో వార్తలు చదివేవాళ్ళ తెలుగును పట్టుకుని ఇరవై ఏళ్ళు సాధన చేశాడు. ఇప్పుడు ఇంట్లో పచ్చడి అడిగినా వాతావరణ సూచన చెప్పినట్టే ఉంటుంది. ఎదుటివాళ్ళ నోట ఊరి మాట వస్తే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. ఆ ముక్క తనకు నచ్చినట్టు పలికేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించి ప్రాణం తోడేస్తాడు. అతని క్లాసులో పిల్లలు నోరు విప్పడం ఎప్పుడో మానేశారు.

అలాంటివాడు వార్షికోత్సవానికి ఒక వ్యంగ్య నాటకం రాశాడు. పేరు 'మాటను బట్టి మనిషా?'. మహాలక్ష్మీదేవి అనే గొప్పింటి యజమానురాలు సింహాచలం అనే పాలేరు మాట తీరును వెక్కిరించి వెక్కిరించి, చివరి రంగంలో బుద్ధి వచ్చి, అతనికి చేతులెత్తి దండం పెడుతుంది. ఆ రంగం రాస్తూ ప్రేమ్‌కుమార్ స్వయంగా కళ్ళు తుడుచుకున్నాడు. కాగితం మీద ఉన్నంతసేపూ బీదవాళ్ళంటే అతనికి వల్లమాలిన ప్రేమ.

నాటకంలో తల్లిదండ్రులే వేషాలు వెయ్యాలని డైరెక్టరుగారి ఆదేశం. పాలేరు వేషం గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా చేసే రాముది. తొమ్మిదింటికి రాము ఫోన్ చేసి, ఆ వేషం తన వల్ల కాదన్నాడు.

"నిన్న రిహార్సల్ అయ్యి ఇంటికెల్తే మా ఎదురింటాయన, ఏటి సింహాచలం, కూడు తిన్నావా అన్నాడండి. మా ఆవిడ రాత్రంతా నాతో మాటాడనేదు."

అతని భయం ఉత్త భయం కాదు. ఆ ఊళ్ళో వేషం మొహాన రంగుతో పోదు. ముప్పై ఏళ్ళ కిందట శకుని వేషం కట్టిన పెద్దమనిషి ఈనాటికీ రేషన్ దుకాణంలో శకునిగారే, వాళ్ళబ్బాయి శకునిగారబ్బాయే. పైగా రాము పేరెంట్స్ కమిటీ కార్యదర్శి. అతన్ని కాదంటే రేపు డైరెక్టరుకు ఏం రాసిపడేస్తాడో తెలియదు. ప్రేమ్‌కుమార్ నాటకంలో అప్పటిదాకా లేని ఎస్టేట్ మేనేజరును పుట్టించి, ఆ వేషం రాముకిచ్చాడు.

పాలేరు వేషానికి హార్డ్‌వేర్ షాపు దాసును అడిగితే సరేనన్నాడు. పదకొండింటికి భార్యతో సహా వచ్చి కాదన్నాడు. రావికమతం నుంచి అత్తమామలు వస్తున్నారట, ముందు వరసలో కూర్చుంటారట, వాళ్ళ ముందు తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడలేడట. కావాలంటే లాయరు వేషం వేస్తానన్నాడు. ఆ రోజు జనరేటర్ దాసుదే గనుక మహాలక్ష్మీదేవికి అప్పటికప్పుడు ఒక లాయరు అవసరమయ్యాడు. మధ్యాహ్నానికి నాటకంలో మేనేజరున్నాడు, లాయరున్నాడు, తిట్లు తినేవాడే లేడు.

ప్రేమ్‌కుమార్ తల పట్టుకుని స్టేజీ మెట్ల మీద కూలబడితే, ఆయా నూకరత్నం అతని చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది. నెల రోజులుగా రిహార్సళ్ళన్నీ ఆవిడ చీపురు ముందే జరిగాయి. నాటకం మొత్తం ఆవిడకు కంఠతా వచ్చు. పాలేరును పనిమనిషిగా మార్చేస్తే సరిపోతుందని ప్రేమ్‌కుమార్‌కు తట్టింది. వెంటనే ఆవిడ చేత చీపురు కింద పెట్టించి, డైలాగు చెప్పమన్నాడు. ఆవిడ రోజూ మాట్లాడే మాటలో చెప్పింది. అతనికి నచ్చలేదు. పనివాళ్ళ మాట అలా ఉండదని, ప్రతి ముక్కకీ ముందు "ఓలమ్మో" అని దీర్ఘం తీసి, మధ్యలో బుర్ర గోక్కోవాలని చేసి చూపించాడు. నూకరత్నం కాసేపు అతన్ని పైనుంచి కిందదాకా చూసింది.

"ఇలాగెవులు మాటాడతారు సారూ?"

"పనివాళ్ళు మాట్లాడతారు నూకరత్నం. నీకు తెలియదు, ఊరుకో."

ఆవిడ మళ్ళీ చీపురందుకుంది.

మూడు గంటలకు ప్రవల్లిక వచ్చింది. డాక్టరుగారి భార్య, మహాలక్ష్మీదేవి వేషం ఆవిడది. ఎదుటి వేషం ఆయా వేస్తోందని వినగానే పట్టుచీర సంచి మళ్ళీ భుజాన వేసుకుంది. రాముగారికైతే నాటకంగా దండం పెట్టగలనని, ఆయాకు పెడితే అది నిజం దండమైపోతుందని, రేపు పిల్లను బడిలో దింపడానికి ఏ మొహంతో రావాలని అడిగింది. మనుషులంతా ఒకటేనని నాటకంలో ఆవిడే చెప్పే మాట ప్రేమ్‌కుమార్ గుర్తు చేశాడు. అది స్క్రిప్టులో ఉంది కాబట్టి చెబుతున్నానంటూ ఆవిడ కారెక్కేసింది.

గజాలా మేడమ్ కారు అప్పటికే సబ్బవరం దాటింది. ఆహ్వానపత్రిక మీద రచన, దర్శకత్వం ప్రేమ్‌కుమార్ అని బంగారు రంగులో అచ్చయి ఉంది. నాటకం ఆగితే కుర్చీ పోయినట్టే. ప్రేమ్‌కుమార్ యజమానురాలిని యజమాని చేసి, ఆ వేషం తనే వేస్తానని, పనిమనిషిగా నూకరత్నం ఉండాలని చెప్పాడు.

"ఆ వేషం నేనెయ్యను సారూ," అంది నూకరత్నం. "పొద్దల్లా సేస్తన్నది అదే పని. సాయంత్రం కూడా అదేనా? ఆ మహాలక్ష్మమ్మ నాకిచ్చీండి. నేకపోతే నేనింటికి ఎలిపోతాను, కుర్చీలు మీరేసుకోండి."

ఆరు వందల కుర్చీలు. ప్రేమ్‌కుమార్ స్టేజీ కిందకు ఒకసారి చూసి, ఒప్పుకున్నాడు. మిగిలింది పాలేరు వేషం ఒక్కటే, వెయ్యడానికి మిగిలింది తను ఒక్కడే. అవసరమొస్తే వసుదేవుడంతటివాడికే గాడిద కాళ్ళు పట్టుకోక తప్పలేదు కదా అని సమాధానపడి, లుంగీ కట్టాడు.

తెర లేచింది. కుట్టు టీచరు దగ్గర అరువు తెచ్చిన పట్టుచీర కట్టుకుని, కళ్ళజోడు ముక్కు కొసకు దించుకుని నూకరత్నం సోఫాలో కూర్చుంది. ఎడమ చెయ్యి నడుము వెనక్కి పెట్టి, మెడ కొంచెం పక్కకు వంచి, పాలేరును పిలిచింది. ఆ మొదటి పిలుపుకే పిల్లలు గొల్లుమన్నారు. అది అచ్చం ప్రేమ్‌కుమార్ గొంతు. ఆ మెడ అతనిది, ఆ చెయ్యి అతనిది, ఆ కళ్ళజోడు దించే తీరు అతనిది. అది తెలియనివాడు స్టేజీ మీద లుంగీలో నిలబడ్డ ఒక్కడే.

"ఓలమ్మో, కాపీ తెచ్చినానమ్మోవ్," అని అతను బుర్ర గోక్కున్నాడు.

"ఏమిటా మాట? నీ నోరు తెరిస్తే చెరకు తోట కంపు కొడుతోంది. మళ్ళీ చెప్పు," అంది మహాలక్ష్మీదేవి.

స్క్రిప్టులో ఆ మాట లేదు. అతను మళ్ళీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ చెప్పమంది. నాలుక మడత పడటానికి మీ అమ్మ గంజి పోసి పెంచిందా అని అడిగింది. నాలుగోసారికి, ఆ మాటలు తను ఎక్కడ విన్నాడో ప్రేమ్‌కుమార్‌కు తట్టింది. మొన్న గురువారం, ఏడో తరగతిలో, తన నోటనే విన్నాడు. హాలంతా నవ్వుతోంది. ఏడో తరగతి పిల్లలు మరీ పొర్లి నవ్వుతున్నారు. చెమటలు తుడుచుకుంటుండగానే ఐదోసారి "మళ్ళీ" వినబడేసరికి, ఇరవై ఏళ్ళ సాధన లుంగీ ముడిలా జారిపోయింది.

"ఎన్నిసార్లు సెప్పమంటావే? మాయమ్మ నేర్పిన మాట ఇది. నాకు ముందొచ్చింది ఇదే. మా అమ్మ గంజి పోసే పెంచింది, అయితే ఏటి? ఇంటే ఇను, నేకపోతే సెవులు మూసుకో."

వెనక వరసల్లో రైతులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రేమ్‌కుమార్‌కు ఎన్నాళ్ళ నుంచో బిగించి కట్టుకున్న బెల్టు వదులైనట్టు హాయిగా ఉంది. ఆ హాయి తెర పడేదాకా ఉంది. తెర పడగానే కుర్చీ గుర్తొచ్చింది.

గజాలా మేడమ్ నేరుగా తెర వెనక్కి వచ్చారు. ఆవిడది అనకాపల్లి. ఇంట్లో ఉర్దూ, వీధిలో ఈ మాటతోనే పెరిగి, రెండింటికీ కాలేజీలో వెక్కిరింపులు పడ్డానని చెప్పారు.

"ఫోన్లో మీ మాటిన్నాక ఈ కుర్చీ మీకివ్వకూడదనుకున్నానండి. ఇంటి మాట మాటాడ్డానికి పిల్లలు బెదిరిపోయే స్కూలు నాకొద్దు. ఇందాక స్టేజీ మీద మాటాడింది మీరేనా, వేషమా?"

తనేనంటే ఇరవై ఏళ్ళు అబద్ధమాడినవాడు. వేషమంటే, జనం ఇందాక పగలబడి నవ్విన ఆ మహాలక్ష్మీదేవి తనే. ప్రేమ్‌కుమార్ లెక్క చూసుకోవడానికి తువ్వాలుతో మొహం తుడుచుకున్నంతసేపు పట్టింది.

"నేనేనండి. నా బతుకంతా ఈ మాట కోసవేనండి," అన్నాడు. ఆ యజమానురాలి డైలాగులు కూడా తన పరిశీలనేనని చేర్చాడు.

మేడమ్ నిజమేనా అన్నట్టు నూకరత్నం వైపు చూశారు. ఆవిడ పట్టుచీర మడత పెడుతోంది.

"అవునమ్మా. ఆ మాటలన్నీ సారువే. నా సొంతం ఒక్కటీ నేదు," అంది.

కొత్త ప్రిన్సిపాల్ పేరు మైకులో ప్రకటించారు. నూకరత్నానికి శాలువా కప్పి ఫొటో తీశారు. శాలువా తీసి పక్కన పెట్టి ఆవిడ ఆరు వందల కుర్చీలూ దొంతర్లు పెట్టింది.

సోమవారం ప్రార్థన కాగానే ప్రిన్సిపాల్ ప్రేమ్‌కుమార్ తొలి ఉత్తర్వు నోటీసు బోర్డుకెక్కింది. ఇక నుంచి బడిలో అందరూ మన ప్రాంతపు యాసలోనే మాట్లాడాలి, తప్పు పలికినవాళ్ళు పీరియడంతా ఎండలో నిలబడాలి. మొదటి గంటలోనే డాక్టరుగారమ్మాయితో కలిపి పదకొండు మంది నిలబడ్డారు.

ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంది.