శ్రుతి కుదిరిన మెరవణి

తెల్లవారుజామున నంద్యాలలో మినీ వ్యానుకు స్పీకర్లు కడుతూనే ఫ్రాన్సిస్ మరోసారి గట్టిగా తీర్మానించుకున్నాడు. ఈరోజు ఆళ్లగడ్డ పెళ్లి మెరవణిలో టెక్నో మ్యూజిక్ వేసి తీరాలి. ఇంతకుముందు ఊరేగింపుల్లోనూ వేయకపోలేదు. మాటల్లేని ఆ దుడుం దుడుం మొదలుకాగానే చిందులేసేవాళ్లు టక్కున ఆగి, స్పీకరు చెడిందేమోనని చూశారు.

అతని తండ్రి రాజరత్నం బ్యాండు మాస్టరు. అదే పెళ్లికి ఆయన బ్యాండూ కుదిరింది. వారం కిందట క్లారినెట్ తుడుచుకుంటూ ఆయన ఒకటే మాట చెప్పాడు.

"అబ్బీ, పెండ్లి హాలు చేరేలోగా ఆట ఆగిందంటే నీ స్పీకరు పెట్టెలు అమ్మేసి నా బ్యాండులో క్లారినెట్ పట్టాల. ఒప్పుకుంటాండావా?"

"ఆగదు నాయనా. సూస్తాండు."

చిన్నప్పటి నుంచి వెంటాడిన ఆ క్లారినెట్ నుంచి తప్పించుకోవడానికే అతను డీజే అయ్యాడు మరి. అందుకే వారం పాటు కూర్చుని లెక్క కట్టాడు. పెళ్లిపాట నిమిషానికి వంద దెబ్బలు, టెక్నో నూట ముప్పై. ఒక్కసారిగా మారిస్తే కాళ్లు తడబడతాయి. కాబట్టి పాట పాటకూ పిసరంత వేగం పెంచుకుంటూ పోవాలి. ముందు పాట ఏ శ్రుతిలో ఉంటే, దానితో కలిసే శ్రుతిలోనే తర్వాతిది అందుకోవాలి. అప్పుడు అతుకు ఎవరికీ తెలియదు.

మెరవణి బయలుదేరింది. ముందు ఫ్రాన్సిస్ వ్యాను, దాని వెనక చిందులేసే జనం, ఆ వెనక జీపులో పెళ్లికొడుకు సందీప్, చివర రాజరత్నం బ్యాండు. వ్యాను తోలే ఫిలిప్‌కు ఒకటే పని. వెనకవాళ్లకు తగలకుండా అద్దంలో చూసుకుంటూ బండి నడపాలి.

పాటలు మారాయి, టెక్నో వచ్చింది, ఒక్క కాలూ ఆగలేదు. ఫ్రాన్సిస్‌కు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

చిక్కల్లా శ్రుతి మరీ బాగా కుదరడం వల్లే వచ్చింది. ఆ టెక్నో తన క్లారినెట్ శ్రుతిలోనే ఉండేసరికి రాజరత్నం చేతులు ఊరుకోలేదు. పందెం మరిచి అందుకున్నాడు. ఆయనతో పాటు డ్రమ్ములు అందుకుని, ఊపులో కాస్త ముందుకు పోయాయి. దెబ్బ తప్పితే ఆట ఆగిపోతుందని ఫ్రాన్సిస్ వేగం పెంచి వాళ్లను కలిశాడు. కొడుకు తొందరపడుతున్నాడు, వాడి పరువు పోకూడదని రాజరత్నం ఇంకాస్త పెంచాడు. జనం చిందులేస్తూనే పరుగందుకున్నారు. వాళ్లు మీదికి వస్తున్నారని ఫిలిప్ గేరు మార్చాడు.

"అన్నా, నిదానం! మా మేనత్త వెనకబడిపాయ!" అని జీపులోంచి సందీప్ మొత్తుకున్నాడు. అది హుషారనుకుని అందరూ ఈలలేశారు.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర పెళ్లికూతురు కరుణ, పాస్టరుగారు, బంధువులు పూలదండలతో నవ్వుతూ నిలబడ్డారు. మెరవణి వాళ్ల ముందు నుంచే దూసుకుపోయింది. ఫిలిప్ చూపు అద్దంలో ఉంది, ఫ్రాన్సిస్ చూపు ల్యాప్‌టాప్‌లో ఉంది, రాజరత్నం పరవశంతో కళ్లు మూసుకున్నాడు. జీపు ఆగితే బ్యాండు వచ్చి గుద్దుకునేట్టుంది. పాపం సందీప్, కాబోయే భార్యకు చెయ్యి ఊపుతూ వెళ్లిపోయాడు.

"పెండ్లికొడుకు పారిపోతాండాడు!" అని ఎవరో కేక పెట్టారు.

కరుణ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. ఎవరిదో స్కూటీ లాక్కుని, తెల్లచీర కొంగు నడుముకు చెక్కుకుని వెంటపడింది; శిరివెళ్ల రోడ్డు మీద బండిని వ్యానుకు అడ్డంగా ఆపింది.

"ఏందప్పా ఇది? పెండ్లి ఆడ, మీరు పోయేది యాడికి?"

పాట ఆగింది. ఆటా ఆగింది. ఫ్రాన్సిస్ ల్యాప్‌టాప్ మూసేశాడు. వ్యాను దిగి తండ్రి దగ్గరికి నడిచాడు.

"ఆట ఆగిపాయ నాయనా. పెట్టెలు అమ్మేద్దాం."

రాజరత్నం ఒగరుస్తూ చెమట తుడుచుకున్నాడు. "హాలు చేరేలోగా ఆగితే గదా! హాలు దాటి ఎంత దూరమొస్తిమో సూడు. నువ్వే గెలిస్తివి అబ్బీ."

ఫ్రాన్సిస్ ఆనందం పట్టలేక తండ్రిని కావలించుకున్నాడు.

"బ్యాండు నా తమ్మునికి అప్పజెప్తాండా," అన్నాడు రాజరత్నం కొడుకు వీపు తడుతూ. "రేపట్నుంచి నేనూ నీ వ్యానే ఎక్కుతా. ఆ దుడుం దుడుంకు క్లారినెట్ లేకుంటే యాడ బాగుంటాది?"

ఫ్రాన్సిస్ తండ్రి చేతిలోని క్లారినెట్ వైపు చూశాడు. ఈలోగా కరుణ సందీప్‌ను స్కూటీ వెనక ఎక్కించుకుని పెళ్లికి తీసుకుపోయింది.

ఆ ఫంక్షన్ హాలు ముందు ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ ఉంది.