ఒక్క జీతం, ఊరంత బాధ్యత

జీతం పెంచకుండా పని పెంచే యజమానిని మించిన శ్రేయోభిలాషి మనిషికి ఈ లోకంలో మరొకరు లేరు. కన్నవాళ్లు కూడా ఆయన తర్వాతే.

నేను వేళాకోళం ఆడటం లేదు. నిదానంగా ఆలోచించండి. జీతం పెంచితే ఏమవుతుంది? మొదటి వారంలోనే ఎటుపోయిందో తెలియకుండా పోతుంది. ఇంట్లో కొత్త సోఫా మీద ఆశ పుడుతుంది. చుట్టాలకు మన మీద ప్రేమ పుడుతుంది. అదే బాధ్యత పెంచారనుకోండి, దాన్ని ఎవరూ అప్పు అడగరు. దొంగ ఎత్తుకుపోడు. ప్రభుత్వం పన్ను వేయదు. పైగా మనం వద్దన్నా దానంతట అదే పెరుగుతూ ఉంటుంది. ఇంతకంటే స్థిరమైన ఆస్తి ఏదైనా ఉంటే చెప్పండి, నేనూ కొనుక్కుంటాను.

ఈ జ్ఞానం నాకు పుస్తకాల్లో దొరకలేదు. పరుపుల కంపెనీలో దొరికింది.

ఆ కంపెనీలో నేను స్టోర్స్ చూసేవాణ్ని. ఫోమ్ ఎంత వచ్చింది, గుడ్డ ఎంత ఖర్చయింది, తయారైన పరుపులు గోడౌన్లో సరిగ్గా ఉన్నాయా, తడిశాయా, అదీ నా పని. అంతే. ఒక మనిషికి ఒకే పని! ఎంత బీద బతుకో చూశారా?

అప్పట్లో కంప్లయింట్లు చూడటానికి ఒకావిడ ఉండేది. వయసులో నాకంటే పెద్దది కాబట్టి అక్కయ్యా అనేవాణ్ని. పరుపు మధ్యలో గుంట పడిందని, జిగురు వాసన వేస్తోందని, నడుము పట్టేసిందని ఊరంతా ఆవిడకే ఫోన్ చేసేది. రిసెప్షన్‌లో అమ్మాయి మానేసినప్పుడు, ఆ కుర్చీ కూడా మీరే చూసుకోండని జనరల్ మేనేజర్‌గారు అక్కయ్యతో అన్నారు. మరి జీతం సంగతేమిటని ఆవిడ అడిగింది. గొంతు పెంచి కాదు, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అడిగింది. చూద్దాం అన్నారాయన. అయితే నేనూ వేరే చోట చూసుకుంటానని చెప్పి ఆవిడ నెలాఖరుకల్లా మానేసింది.

ముందుచూపు లేని మనిషని నేను జాలిపడ్డాను.

మర్నాడే జీఎంగారు నన్ను లోపలికి పిలిచి కుర్చీ చూపించారు. అంతకుముందు ఆ గదిలో నేనెప్పుడూ నిలబడే మాట్లాడాను. అందుకని కూర్చునేసరికే సగం ఒప్పేసుకున్నట్టయింది. మిగతా సగం ఆయన ఒక్క మాటతో పూర్తిచేశారు.

"మిమ్మల్ని మేం ఉద్యోగిలా చూడటం లేదండీ. మీరు మా ఇంటి మనిషి."

ఇంటి మనిషికి పనికి తగ్గ జీతం ఇచ్చిన వాళ్లను ఎక్కడైనా చూశారా? మా ఆవిడకి నేనేమైనా ఇస్తున్నానా? ఆయన భావం నాకు వెంటనే బోధపడింది.

అలా కంప్లయింట్లు, రిసెప్షన్ రెండూ నావయ్యాయి. బదులుగా నా హోదా ముందు 'సీనియర్' చేర్చారు. తర్వాత లారీలు చూసే పెద్దాయన రిటైరయ్యారు. ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. లారీలు నావయ్యాయి, 'సీనియర్' ముందు 'చీఫ్' చేరింది. హోదా పొడవు పెరిగే కొద్దీ విజిటింగ్ కార్డు మీద నా పేరు కిందికి జారుతూ పోయి, చివరికి ఫోన్ నంబరు పక్కన ఇరుక్కుంది. కరెంటు పోతే జనరేటర్ కూడా నేనే. మెడలో టై, చేతిలో డీజిల్ డబ్బాతో నేను పరిగెత్తుతుంటే కుట్టుమిషన్ల దగ్గర ఆడవాళ్లు పని ఆపి దారి ఇచ్చేవారు. అంత గౌరవం!

ఇక ఆరోగ్యం సంగతి చూడండి. గోడౌన్‌కీ రిసెప్షన్‌కీ మధ్య పరిగెత్తేవాడికి వ్యాయామశాలతో పనేముంది? మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత తీసే తీరిక లేకపోవడం వల్ల పొట్ట తగ్గింది. రాత్రిళ్లు నిద్ర పట్టక మా వృత్తికి ఎంతో మేలు జరిగింది. నిద్ర పట్టడం లేదని ఫోన్ చేసే కస్టమర్లతో నా అంత సానుభూతిగా మాట్లాడగలిగినవాడు ఆ కంపెనీలో మరొకడు లేడు.

ఒకరోజు మా అమ్మాయి స్కూల్లో మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మా ఆవిడ ఆస్పత్రి నుంచి నా సెల్‌కి చేసింది. అది సొరుగులో ఉంది. ఆఫీసు నంబరుకి చేసింది. నేనే ఎత్తాను. అవతల 'ఏవండీ' అన్న మాట పూర్తికాకముందే, గొంతు కూడా గుర్తుపట్టకుండా, మీ ఫిర్యాదు మాకు చాలా ముఖ్యం, దయచేసి లైన్లో ఉండండి అని చెప్పి, దారి తప్పిన లారీ డ్రైవరు ఫోన్ అందుకున్నాను. మా ఆవిడ లైన్లోనే ఉంది. ఆస్పత్రి వరండాలో ఏడుస్తున్న పిల్లని ఒక చేత్తో పట్టుకుని, మా కంపెనీ పరుపుల మీద కట్టిన పాట చాలాసేపు విన్నది. తర్వాత పెట్టేసి మెసేజ్ పంపింది.

సొరుగు తీసి అది చూసుకుని నేను వెళ్లేసరికి పిండికట్టు వేయడం కూడా అయిపోయింది. మా ఆవిడ మందుల చీటీ నా చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. మా అమ్మాయే కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"నాన్నా, నువ్వు ఆఫీసులో చీఫ్‌వి కదా?"

అవునన్నాను.

"మరి నిన్ను రానివ్వనిది ఎవరు?"

పిల్లలకు పెద్ద పెద్ద ఉద్యోగాల సంగతులు అర్థం కావు. నేను మందులు కొనుక్కురావడానికి బయటికి వెళ్లాను. షాపులో చీటీ ఇస్తూ, మీ ఫిర్యాదు మాకు చాలా ముఖ్యం అనేశాను. ఆకలి వల్ల అయ్యుంటుంది.

మర్నాడు పొద్దున్నే జీఎంగారి గదికి వెళ్లి, కుర్చీ చూపించక ముందే చెప్పాను. జీతమైనా పెంచండి, మనిషినైనా వేయండి అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి ఎంతో బాధగా విన్నారు. నేనన్నది నూటికి నూరుపాళ్లు న్యాయమని ఒప్పుకున్నారు కూడా. కానీ జీతాల సంగతి తన పరిధిలోది కాదట, హెచ్‌ఆర్ చూడాలట. హెచ్‌ఆర్ ఆవిడ మానేసి చాలా రోజులైందని గుర్తు చేశాను. ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. మొహం విప్పారింది.

"సరే, అదీ మీరే తీసుకోండి. ఇకనుంచి మీ విషయం మీ చేతుల్లోనే ఉంటుంది."

ఇంతటి ఉదారులు ఎక్కడ దొరుకుతారు?

అయితే చిన్న చిక్కుంది. జీతం పెంచే అధికారం హెచ్‌ఆర్‌కి లేదు, ఛైర్మన్‌గారికే ఉంది. జీతం అడిగిన ఉద్యోగిని కూర్చోబెట్టి నచ్చజెప్పే అధికారం మాత్రం హెచ్‌ఆర్‌కి పూర్తిగా ఉంది. ఆ పద్ధతి తప్పకూడదని జీఎంగారు పట్టుబట్టారు. అందుకని నేను మీటింగ్ రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుని నాతో మాట్లాడుకున్నాను. మార్కెట్ బాగా లేదని చెప్పాను. మీ సేవలు కంపెనీ గుర్తించిందని చెప్పాను. వచ్చే ఏడాది తప్పకుండా చూద్దామన్నాను. ఆ ఆఫీసులో అంత మర్యాదగా నాతో అంతకుముందెవరూ మాట్లాడలేదు కాబట్టి కాదనలేకపోయాను. బయటికి వచ్చేటప్పటికి నాలో సగం మంది తృప్తిగానే ఉన్నారు.

తర్వాత కొన్నాళ్లకు కంపెనీ వార్షిక సభ జరిగింది. మైకు సరిగ్గా పనిచేయకపోవడంతో దాని తీగ పట్టుకుని వేదిక పక్కన నిలబడటం కూడా నా బాధ్యతే అయింది. ఛైర్మన్‌గారు మాట్లాడారు. సగం సిబ్బందితోనే, ఒక్క పరుపు తగ్గకుండా, మన జీఎంగారు ఈ ఏడాదంతా నడిపించి చూపించారని మెచ్చుకున్నారు. ఆయన జీతం బాగా పెంచామని ప్రకటించి కొత్త కారు తాళం చేతికిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఒక చేత్తో తీగ వదలకుండానే రెండో చేత్తో తొడ మీదే చప్పట్లు కొట్టాను.

పాఠకులారా, అదనపు బాధ్యతకు జీతం ఉండదని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. నమ్మకండి. ఉంటుంది. చేసిన పనికి తగ్గట్టే ఉంటుంది. కాకపోతే పని ఒకరి నెత్తిన పడుతుంది, జీతం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. సభ అయ్యాక అందరూ కొత్త కారు చుట్టూ మూగారు. నేను తీగ చుట్టుకుంటూ ఉండిపోయాను.

ఆ వారమే అక్కయ్య ఫోన్ చేసింది. ఆవిడ ఇప్పుడు కర్టెన్లు కుట్టే కంపెనీలో ఉంది. అక్కడ స్టోర్స్‌కి మనిషి కావాలంది. ఇంకా ఏమేం చూసుకోవాలని అడిగాను.

"స్టోర్సేరా. స్టోర్స్ మనిషివి ఇంకేం చూస్తావు?"

నమ్మకం కుదరక మళ్లీ అడిగాను. ఆవిడ విసుక్కుని ఫోన్ పెట్టేసింది. ఆ విసుగుతో నాకు నమ్మకం కుదిరింది.

రాజీనామా చేయాలంటే కాగితం హెచ్‌ఆర్‌కి ఇవ్వాలి. ఇచ్చుకున్నాను. ఆ మధ్యాహ్నమే జీఎంగారి గదికి వెళ్లి, రేపటి నుంచి రానని చెప్పాను. ఆయన కొత్త కారు తాళం బల్లమీద పెట్టి నావైపు చూశారు.

"నోటీసు పీరియడ్ అనేది ఒకటుంటుంది. హెచ్‌ఆర్ ఒప్పుకోవాలి కదా?"

"ఒప్పుకున్నారు సార్."

"ఎప్పుడు?"

"ఇందాకే. మంచి మనిషి, ఎక్కువ ప్రశ్నలు వేయలేదు."

బయట ఫోన్లన్నీ ఒకేసారి మోగడం మొదలుపెట్టాయి. ఆయన నావైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. అవి మోగి మోగి ఆగి మళ్లీ మోగాయి. చివరికి ఆయనే లేచి వెళ్లి ఎత్తారు. ఎవరిదో నడుము పట్టేసిందట.

చూశారా, అదనపు బాధ్యత వల్ల లాభం లేదని ఇప్పటికీ నేననను. హెచ్‌ఆర్ పని నా నెత్తిన రుద్దకపోయి ఉంటే ఒక్క పూటలో నన్నెవరు వదిలిపెట్టేవారు?

కొత్త చోట మొదటిరోజు సాయంత్రం పని ముగించి, అలవాటు కొద్దీ మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఏ ఫోన్ మోగుతుందో, ఎవరు పిలుస్తారో అని చూస్తున్నాను. అక్కయ్య బ్యాగు భుజానికి తగిలించుకుంటూ వచ్చి లైటు ఆర్పేసింది. ఇంకెందుకు కూర్చున్నావు, ఇంటికి పో అంది. బయట ఇంకా ఎండ ఉంది. పిల్లలు రోడ్డు మీద బంతి ఆడుతున్నారు. ఆ వేళప్పుడు మా వీధి అలా ఉంటుందని నేను మర్చిపోయాను.

మా ఆవిడ తలుపు తీసి, నన్ను చూసి, గడియారం చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అప్పుడే తీసేశారా?"

తీసేయలేదు, పని అయిపోయింది అన్నాను. ఆవిడ నమ్మలేదు. అక్కయ్యకి ఫోన్ చేసి కనుక్కున్న తర్వాతే కాఫీ ఇచ్చింది.