తూనికల ఇన్‌స్పెక్టర్ గారి ఆఖరి ఆమ్లెట్

ఆదివారం ఉదయం ఏడున్నరకు భార్య గుమ్మంలో చెప్పులేసుకుంటూ, అక్కవాళ్ల ఇంటికి వెళ్లి పదింటికల్లా వచ్చేస్తానని, క్యాబేజీ ఉడికించి మూత పెట్టానని, ఉప్పు డబ్బా దాచేశానని చెప్పి వెళ్లిపోయింది. తూనికల ఇన్‌స్పెక్టర్ మూత తీసి చూశాడు. క్యాబేజీ కూడా ఆయన్ని చూసింది. ఇద్దరిలో ఎవరికీ ఎదుటివారి మీద ఆశ ఉన్నట్టు కనిపించలేదు.

వెన్న, గుడ్లు ఇక కూడదని గుండె డాక్టరు తల అడ్డంగా ఊపి అయిదు వారాలైంది. అంతకు ముందు పద్దెనిమిదేళ్లు, ప్రతి ఆదివారం, వీధి చివరి హోటల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని మూడు గుడ్ల ఆమ్లెట్, వెన్న కారే నాలుగు టోస్టులు, వేయించిన బంగాళాదుంపలు, ఆపైన కాఫీ లాగించేవాడు. ఒంటరిగానే. బయటి తిండి భార్యకు పడదని ఆయనే తేల్చేశాడు. ఆవిణ్ణి అడగాల్సిన అవసరం రాలేదు. నాలుగు ఆదివారాలు చావుభయం ఆయన్ని ఇంట్లో కట్టేసింది. అయిదో ఆదివారం ఆకలి కట్లు తెంపింది. పథకం చిన్నదే: వెళ్లడం, తినడం, భార్య రాకముందే తిరిగొచ్చి క్యాబేజీని పెరట్లో పూడ్చిపెట్టడం.

హోటల్లో అడుగు పెట్టేసరికి ఆయన కళ్లు చెమర్చాయి. కిటికీ పక్క బల్ల మీద ఆయన తినే ప్లేటు, తినే లెక్క ప్రకారం, పొగలు కక్కుతూ సిద్ధంగా ఉంది. కాఫీ కప్పు మాత్రం బోర్లించి ఉంది. ఈగలు పడకుండా కాబోలనుకున్నాడు. తనను ఇంతగా తలుచుకునే చోటు ఇంకొకటి లేదనుకుని, కూర్చుని, తలొంచి మొదలుపెట్టాడు. హోటలంతా నిశ్శబ్దమైపోయింది. గౌరవం అనుకున్నాడు.

ఆఖరి టోస్టుతో ప్లేటు తుడుస్తుండగా వంటింట్లోంచి వచ్చిన ముసలి సర్వర్ ఆయన్ని చూసి కాఫీ జగ్గు వదిలేశాడు. పక్క బల్ల దగ్గర రిటైర్డ్ రైల్వే గార్డు లేచి నిలబడ్డాడు. హోటలు ఓనరు మెల్లగా దగ్గరికొచ్చాడు.

"సార్, మీరు పోయి నెలైంది కదా," అన్నాడు, బల్ల ఖాళీ చేయమన్నంత మర్యాదగా. "మీ ఆవిడే వచ్చి చెప్పారు."

ఓనరు చూపిన వైపు గోడ మీద వరసగా పోయిన కస్టమర్ల ఫోటోలున్నాయి. చివరిది తనదే, ఆఫీసు గుర్తింపు కార్డులోది, పెద్దది చేయించారు. పద్దెనిమిదేళ్లలో ప్లేటులోంచి తలెత్తి ఉంటే ఆ గోడ ఎప్పుడో కనపడేది.

ఇన్‌స్పెక్టర్ బుర్రలో తక్కెడ వేలాడింది. బతికే ఉన్నానంటే ఓనరు ఇప్పుడే ఆవిడకు ఫోన్ చేస్తాడు. ఆమ్లెట్ సంగతి బయటపడుతుంది. పోయాననుకుంటే ఏ గొడవా లేదు. చావు వైపే మొగ్గింది.

"నేను ఆయన అన్నయ్యని," అన్నాడు. "కవలలం. పది నిమిషాలు పెద్ద."

ఓనరు ఆయన్ని కౌగిలించుకున్నాడు. పాత కస్టమరు పోతే ఏడాదిపాటు ఆ కుర్చీ ఇంటివాళ్లదేనని, పోయినాయన గుర్తుగా కప్పు బోర్లించి, ఆయన తినేదే వాళ్లకూ పెట్టడం తమ పద్ధతని, మరదలుగారు ప్రతి ఆదివారం ఎనిమిదీ ఎనిమిదిన్నర మధ్య తప్పకుండా వస్తారని చెప్పాడు. గోడ గడియారం ఎనిమిదీ ఇరవై అయిదు చూపిస్తోంది. ఇన్‌స్పెక్టర్ లేవబోయాడు. గార్డు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మీ తమ్ముడు మంచివాడండీ. పేపరు చదివేసి కూడా పక్కవాడికి ఇచ్చేవాడు కాదు. కూరగాయల ముసలమ్మ తక్కెడ కూడా వదల్లేదు. అయినా పోయాక ఆలోచిస్తే మంచివాడే అనిపిస్తోంది."

"పద్దెనిమిదేళ్లు వడ్డించానండీ," అన్నాడు సర్వర్, పగిలిన జగ్గు ఏరుతూ. "నా పేరేంటని ఒక్కసారీ అడగలేదు."

అప్పుడు తలుపు తీసుకుని భార్య వచ్చింది. పెళ్లిళ్లకు కట్టే నీలం చీర కట్టుకుంది.

"అమ్మా, మీ బావగారొచ్చారు. అచ్చు ఆయనే," అన్నాడు ఓనరు.

ఆవిడ మీసాలకంటిన వెన్న చూసింది. ఖాళీ ప్లేటు చూసింది. అది తన ప్లేటు.

"నమస్కారం బావగారూ. ఎప్పుడొచ్చారు?"

"ఇప్పుడే... అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ ఎదురుగా కూర్చుంది. అందరూ కాస్త దూరం జరిగారు, ఇంటి దుఃఖం కదా అని.

"బతికున్న మొగుణ్ణి చంపేస్తావా?" అన్నాడాయన గొంతు తగ్గించి.

"మొదటిసారి మీకేమీ పెట్టొద్దని చెప్పడానికే వచ్చాను. తిండి తగ్గించారంటే ఒక్కరూ నమ్మలేదు. పోయారన్నాను, నమ్మారు."

"చెప్పావు, బానే ఉంది. మళ్లీ ప్రతివారం రావడమెందుకు?"

ఆవిడ కిటికీలోంచి వీధిలోకి చూసింది.

"ఆ రోజు కూర్చోబెట్టి ప్లేటు పెట్టారు. వేడివేడిగా, ఇంకొకరు వండింది. ఇరవై ఆరేళ్లలో మీరు నన్నొక్కసారి ఇక్కడికి తీసుకురాలేదు. మీరు పోతేగానీ నాకిక్కడ కుర్చీ దొరకలేదు."

ఇన్‌స్పెక్టర్ ఖాళీ ప్లేటు వంక చూశాడు. బతికే ఉన్నానని లేచి చెప్పేద్దామనుకున్నాడు. చెబితే ఫోటో దిగుతుంది, ఆవిడ కుర్చీ పోతుంది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆయన తూకంలో అవతలి పళ్లెం కూడా చూశాడు. ఊరుకున్నాడు.

ఇంతలో ఓనరు ఆవిడకు కొత్త ప్లేటు, ఆయనకు ఇంకో రెండు టోస్టులు తెచ్చాడు. బావగారు కూడా ప్రతి ఆదివారం రావాలన్నాడు, ఎదురుగా ఆయనకూ ఓ కుర్చీ వేయిస్తానన్నాడు. ఇన్‌స్పెక్టర్ ముఖం వెలిగింది. తమ్ముడు పోయినా అన్న బతికి బట్టకట్టేలా ఉన్నాడు.

"వద్దండీ," అంది భార్య, ఆమ్లెట్ తుంచుతూ. "కవలలు కదా, బావగారిదీ అదే గుండె. మా ఆయన ఇలా తినే పోయారు."

ఓనరు టోస్టులు వెనక్కి తీసుకున్నాడు. పోతూ పోతూ గోడ మీద ఫోటో పక్కనున్న ఖాళీ మేకును, ఇన్‌స్పెక్టర్ ముఖాన్ని ఒకసారి చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ కలిసి క్యాబేజీ తిన్నారు.